నాయుడు గారి చేతిలో మల్లెపూల నీళ్ళు

1956 ఏప్రిల్ నాటికి నేను తిరుత్తణి తాలూకాలో వ్యవసాయ డిమాన్‌స్ట్రేటర్‌ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. డిమాన్‌స్ట్రేటర్ అంటే రైతు పొలంలో ఒక మడి తీసుకుని, ప్రభుత్వం చెప్పిన పద్ధతిలో పండించి చూపించేవాడు. పండితే పేరు పద్ధతిది, ఎండితే డిమాన్‌స్ట్రేటరుది. అప్పట్లో మేము చూపిస్తున్నది జపాన్ పద్ధతి వరిసాగు. నారు పలచగా పెంచి, తాడు పట్టి వరుసల్లో నాటడం.

అది చూడటానికి థాయ్‌లాండ్ నుంచి సోమ్‌చాయ్ అనే కుర్ర అధికారి వచ్చాడు. జపాను సాగును థాయ్‌లాండు మనిషికి తమిళుల పొరుగున ఒక తెలుగువాడు నేర్పడంలో వింతేమీ పై అధికారులకు కనిపించలేదు. తిరుత్తణి అప్పుడు ఆంధ్రలో ఉంది, తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో. కనుక మద్రాసు శాఖవారు అతన్ని తిరువళ్ళూరు స్టేషన్లో నాకు అప్పగించి రసీదు అడిగారు. 'అతిథి ఒకరు, మంచి స్థితిలో ముట్టినారు' అని రాసిచ్చాను.

మా మడి మునుస్వామి నాయుడు గారిది. డెబ్బై దాటిన మోతుబరి. ఆయన బావి మీద కపిల కడితేనే, అంటే ఎద్దులు తోలుబానతో నీళ్ళు లాగితేనే, మడి తడిసేది. గింజ పాలు పోసుకునే దశ. ఇంకా రెండు తడులు అందకపోతే పైరూ నా ఉద్యోగమూ కలిసి ఎండేవి.

పన్నెండో తేదీన, స్టేషన్ నుంచి తిరిగి వస్తుంటే సోమ్‌చాయ్, మర్నాడు తమ సంవత్సరాది అని చెప్పాడు. ఉగాదికి ఒకసారి, తమిళుల చిత్తిరై నెల మొదటి రోజుకి ఒకసారి సంవత్సరం మారే తాలూకా మాది. మూడోదానికి నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు పిన్నలు పెద్దల అరచేతుల్లో పూలు వేసిన నీళ్ళు పోసి దీవెన తీసుకుంటారట. వీధుల్లో మాత్రం ఒకరినొకరు నిలువునా తడిపేస్తారట. పండక్కి వచ్చిన పరాయివాళ్ళు ఏం చెయ్యాలని అడిగాను. పాత బట్టలు కట్టుకుని, తడవడం ఖాయమనుకుని బయల్దేరాలి, ఎవరు పోసినా కోప్పడకూడదు అన్నాడు. బుద్ధుడి బొమ్మకూ సన్యాసులకూ పెద్దలకూ మాత్రం మెల్లగా, మర్యాదగా పొయ్యాలట.

ఇంటికి దూరంగా ఇదే తన మొదటి సంవత్సరాది, ఇక్కడ పెద్దవారెవరైనా దొరుకుతారా అన్నాడు. నాకు తెలిసిన పెద్దవారు నాయుడు గారే. ముందుగా చెప్పి ఒప్పించాలన్న ఆలోచన రాలేదు. నీళ్ళే కదా అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం నాయుడు గారు ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని ఉన్నారు. సోమ్‌చాయ్ మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన చేతులు మర్యాదగా పట్టి, మల్లెపూల నీళ్ళు వంచాడు. నాలుగు చుక్కలు పడగానే నాయుడు గారు చెయ్యి లాక్కున్నారు.

"ఏందయ్యా ఇది, ధార పోస్తా ఉండాడే. నాకేం దానమిస్తాడంట?"

మా వైపు ఆవునిచ్చినా భూమినిచ్చినా, ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి చేతిలో నీళ్ళు విడుస్తాడు. అది నాకు తెలుసు. తెలిసినది సమయానికి గుర్తు రావడం వేరే విద్య.

"మా వంశంలో ఇచ్చినోళ్ళే గాని చెయ్యి చాపినోళ్ళు లేరు. నీకు మడి ఇస్తి, బాయి ఇస్తి. అది చాలక పరాయి సీమ మనిషిని తెచ్చి నా చేతిలో నీళ్ళు పోయిస్తావా? రేపట్నుంచి కపిల కట్టేది లేదు, పో."

సోమ్‌చాయ్‌కి మాటలు అర్థం కాలేదు గాని, వెనక్కి పోయిన చెయ్యి అర్థమైంది. తాను తప్పు చేశానా అని మెల్లగా అడిగాడు. లేదు, తప్పు శాఖది అన్నాను. ఆ తాలూకాలో శాఖ అంటే నేనొక్కణ్ణే. తర్వాత అతని పండగ సంగతి నాయుడు గారికి విడమరచి చెప్పాను. ఆయన వీధి వైపు చూస్తూ విన్నారు.

గుమ్మంలోంచి ఆయన భార్య కుప్పమ్మ గారు అంతా విన్నారు.

"అన్నం పెట్టినాను, లేసి రా," అన్నారు. "తిన్నాంక చెయ్యి కడుక్కుంటావు గదా. ఆ నీళ్ళు ఆ బిడ్డ పోస్తే ఏం? దినామూ నేను పోస్తా ఉండా, నాకాడ ఏం దానం పట్టినావు?"

నాయుడు గారు లేచి లోపలికి వెళ్ళారు. మాకూ ఆకులు వేశారు. భోజనమయ్యాక ఆయన పెరట్లో నిలబడి చెయ్యి చాపితే సోమ్‌చాయ్ చెంబు వంచాడు. రెండో చెయ్యి కూడా పట్టమని కుప్పమ్మ గారు గద్దించారు. చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి; చెంబు ఖాళీ అయ్యేదాకా ఆయన వాటిని తియ్యలేదు. తడిచెయ్యి సోమ్‌చాయ్ తలమీద పెట్టి, "సల్లంగుండు నాయనా" అన్నారు. ఆ మాటను అనువదించబోతే, అక్కర్లేదని సోమ్‌చాయ్ చెయ్యి ఊపాడు.

నాయుడు గారు నా వైపు తిరిగారు. "పొద్దున్నే కపిల కట్టిస్తా. మడికాడికి యేళకు రా. నిన్న యాడికి పోయినావు?"

కుప్పమ్మ గారు వీధి పండగ సంగతి మరిచిపోలేదు. తొట్టిలోంచి ఒక చెంబు ముంచి సోమ్‌చాయ్ నెత్తిన కుమ్మరించారు. థాయ్‌లాండు నుంచి వచ్చాక అతను నోరారా నవ్వడం నేను చూసింది అప్పుడే. రెండో చెంబు నాకు. ఎవరు పోసినా కోప్పడకూడదని ముందే తెలుసు కనుక నిలబడ్డాను.

రెండు తడులూ అందాయి, మడి పండింది, ఉద్యోగం ఖాయమైంది. ఆ ఉత్తర్వులో కుప్పమ్మ గారి పేరు లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. నేను నేర్చుకున్నది ఇంతే: ఒక ఇంట్లో కొత్త పని చేయించే ముందు, అలాంటి పనికి ఆ ఇంట్లో ఇదివరకే ఏ అర్థం ఉందో కనుక్కోవాలి. ఆ తర్వాత సర్వీసంతా, తిన్నె మీది పెద్దాయనతో మాట్లాడే ముందు వంటింటి గుమ్మం దగ్గర అడిగాను.