బాయి ముందే తిన్న మలీదా

కొంకణ తీరంలోని రేవ్‌దండాలో మిల్కాబాయిని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. చేపలమ్మే ఆడవాళ్ల దగ్గర్నుంచి సర్పంచి దాకా అందరికీ ఆమె "బాయి", అంటే పంతులమ్మ. ఊళ్లో సగం మంది చెవులు ఆ చేతిలో నలిగినవే. బాయి వాళ్లు యూదులు; శనివారం యూదులకు విశ్రాంతి రోజు, కలం పట్టకూడదు. సర్కారు బడికి ఆ సంగతి పట్టదు కదా! అందుకని బాయి బడికి వెళ్లేది గానీ సుద్దముక్క ముట్టేది కాదు. ఎక్కాలు నోటితో చెప్పించి, మిగతా పొద్దంతా కథలు చెప్పేది. పిల్లలు శనివారం కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేవారు.

ఎవడైనా మొద్దబ్బాయి మెట్రిక్‌కు కూర్చుంటే బాయి ఏలీయా ప్రవక్తకు మలీదా మొక్కుకునేది. తడిపిన అటుకుల్లో చక్కెర, కొబ్బరి కలిపి, చుట్టూ ఐదు రకాల పళ్లు పేర్చి, ప్రార్థన చదివించి అందరికీ పంచడమే మలీదా. అయితే వాడు పాసయ్యాకే. సొంత కొడుకు హయీం విషయంలో కూడా ఒక్కరోజు ముందు చెయ్యలేదు. "చేతికి రాని దానికి దండం పెట్టడమంటే ప్రవక్తను తొందరపెట్టడమే. ఆయనేమన్నా మనింటి పాలేరా?" అనేది.

హయీం భార్య పెనీనా మెట్రిక్ లెక్కల్లో తప్పి పెళ్లి చేసుకున్న మనిషి. పిల్లలిద్దరూ ఎదిగాక, ఊళ్లో పెట్టబోయే బాలవాడీకి మెట్రిక్ పాసైన పంతులమ్మ కావాలన్నారు. పసిపిల్లల మధ్య కూర్చునే ఆ పని కోసం పెనీనా ప్రాణం కొట్టుకుంది. పైకి మాత్రం, "ఈ వయసులో నాకెందుకులెండి బాయీ" అంది.

"వయసుకేమొచ్చిందే? ఇంత ముసలిదాన్ని నేను చెప్పగా లేంది, నువ్వు నేర్చుకోలేవా?"

ఆ రోజే మలీదా మొక్కేసింది. ఇక వంటిల్లే బడి. చేప వేయిస్తూ భిన్నాలు, కొబ్బరి తురుముతూ బీజగణితం. లెక్క తప్పితే బాయి చేతికి అట్లకాడ వచ్చేది.

"పిల్లల ముందు వద్దు బాయీ, పరువు పోతుంది!"

"పరువుంటే ఎనిమిది తొమ్మిదులెంతో చెప్పు."

పరీక్ష రాసొచ్చిన సాయంత్రం బాయి కోడలి చేత ప్రతి లెక్కా మళ్లీ చెప్పించుకుంది. చివరికి, "సరే, అన్నం పెట్టు" అని ఊరుకుంది.

ఆ తరువాత కొన్నాళ్లకే బాయి మంచం పట్టింది. డాక్టరు పెదవి విరిచాడు. ఫలితాలు జూన్‌లో గానీ రావు. తను పాసైన మలీదా బాయి నోట్లో పెట్టలేనేమోనని పెనీనా వంటింట్లో కుమిలిపోయింది. ఒక పొద్దున బాయి పిలిచింది.

"అటుకులు తడుపు. షాలోంకు కబురంపు."

"ఫలితాలు రాందే ఎలా బాయీ?"

"నేను దిద్దానుగా. బోర్డువాళ్లకు తెలిసింది నాకు తెలీదా?"

పెనీనా కాళ్లు నేల మీద నిలవలేదు. కన్నకొడుక్కి కూడా దక్కని నమ్మకం తనకు దక్కింది!

ప్రార్థన చదివే షాలోంకాకా వచ్చి నెత్తి గోక్కున్నాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టుంది మరి వ్యవహారం. "బాయీ, పాసయ్యాకే అన్న నియమం మీదే కదా?"

"నాదే. అందుకే నేనే మారుస్తున్నా. చదవరా."

ఆ చేత చెవి మెలి తిప్పించుకున్నవాడే, పుస్తకం తెరిచి చదివాడు. కోడలి చేతి నుంచి బాయి రెండు పిడికిళ్లు తింది. "కొబ్బరి తగ్గిందే" అంది. ఆ వారంలోనే కన్ను మూసింది.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. పెనీనా లెక్కల్లో తప్పింది.

తలుపేసుకుని ఏడ్చింది. "ఊరందరి ముందు బాయిని అబద్ధాలకోరుని చేశానండీ" అంది భర్తతో.

"అమ్మకు తెలుసు" అన్నాడు హయీం. "నువ్వు పరీక్ష రాసొచ్చిన రోజే చెప్పింది, మూడు లెక్కలు పోయాయిరా, గట్టెక్కదు అని."

"మరి మలీదా?"

"నేనూ అదే అడిగాను. 'నేను పోతే అది పుస్తకాలు అటకెక్కించేస్తుంది. ప్రవక్తకు ముందే చెల్లించేస్తే ఇక తప్పించుకోలేదు, పాసై తీరాలి' అంది. నీకు చెప్పనని ఒట్టు కూడా వేయించుకుంది."

పెనీనాకు ముందు ఒళ్లు మండింది. "ముసలామె ఎంత పని చేసింది! ప్రవక్తను కూడా పావుగా వాడుకుందే!" అని అరిచింది. అరుస్తుండగానే నవ్వొచ్చింది, నవ్వు ఆగక మళ్లీ ఏడుపొచ్చింది. బాయి తన తెలివిని నమ్మలేదు, తన మొండితనాన్ని నమ్మింది. అది ఇంకా పెద్ద నమ్మకమని పెనీనాకు అనిపించింది. ముఖం కడుక్కుని, పోయిన మూడు లెక్కలతోనే మళ్లీ మొదలుపెట్టింది.

అక్టోబరులో రాసి పాసైంది. ముప్పై ఎనిమిది మార్కులు. ఇరుగుపొరుగు గుమ్మంలో మూగి మలీదా ఏదన్నారు.

"వేసవిలోనే తిన్నారుగా! ఎన్నిసార్లు తింటారేం?" అని నవ్వి పంపేసింది పెనీనా.

అందరూ వెళ్లాక మార్కుల కాగితం పట్టుకుని వంటింట్లో నిలబడింది. "ముప్పై ఎనిమిదేనా, సిగ్గులేదూ?" అని తిట్టే మనిషి కోసం ఆమె ప్రాణం విలవిల్లాడింది.