మూలం తెలియని రాయి

కాలేజీలో చదివే ఆ వయసులో, లోకంలో బేరమాడకూడని వస్తువంటూ ఉండదని నా నమ్మకం. కొట్లో పుట్టి కొట్లో పెరిగినవాడికి అంతకన్నా మంచి బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది? రాళ్ల శాస్త్రం కూడా నాకు కొట్టు భాషలోనే ఎక్కింది. నీళ్లు మోసుకొచ్చిన మట్టీ ఇసుకా పొరమీద పొరగా పేరుకుని, పై బరువుకు అణిగి, సున్నం లాంటిదేదో జిగురై పట్టుకుంటే అవక్షేప శిల. మేం బియ్యాన్ని నూకలు, సన్నాలు, లావులు అన్నట్టే దానికీ గింజను బట్టి పేరు: బురదైతే షేల్, ఇసుకైతే ఇసుకరాయి, గులకరాళ్లయితే కాంగ్లోమరేట్.

ప్రాక్టికల్ పరీక్షకు ఎవరి రాయి వాళ్లే తెచ్చుకోవాలన్నారు. మైపాడు తీరంలో, సోడాలతో సహా అన్నీ అమ్మే మా చిల్లరకొట్టును తుఫాను ఎత్తుకుపోయి అప్పటికి ఏడాది. (నాయన రోజూ సాయంత్రం వెళ్లి అక్కడి ఉత్త ఇసుకను చూసి వచ్చేవాడు. నేను వెళ్లేవాణ్ణి కాదు, చదువుకునేవాణ్ణి కదా.) రాయి కోసం తీరానికి వెళ్తే, ఎండుచేపల మీద కప్పిన పట్ట ఎగిరిపోకుండా చేపలక్క బరువు పెట్టిన గులకరాళ్ల ముద్ద కనబడింది. దానికి బదులు రెండు బట్టలసబ్బులు అడిగింది. సముద్రం ఊరికే ఇచ్చిందేగదా అని వాదించి ఒక సబ్బుకు దించాను. "సముద్రంతో గూడా బేరమాడేటట్టుండావే అబ్బయా" అంటూ ఇచ్చేసింది. దానికి నీటుగా చీటీ అంటించాను: 'కాంగ్లోమరేట్. దొరికిన చోటు: మైపాడు. మూలం: తెలియదు.'

పరీక్షకొచ్చిన మాస్టారు భూతద్దంతో తిప్పి తిప్పి చూసి, అడుగున గట్టిపడిన బురదను గోకారు. ఆకుపచ్చగా సోడాగోళీ ఒకటి మెరిసింది.

"ఇది సిమెంటు నాయనా. గోళీసోడా ఏ యుగంలో తాగేవాళ్లంటావు?"

మార్కు రాలేదు కానీ, డిగ్రీ అయ్యేదాకా నిలిచే పేరొకటి వచ్చింది: గోళీయుగం.

ఇంటికొచ్చి, పోయిన మార్కుల కన్నా పోయిన సబ్బుకే ఎక్కువ ఏడుస్తూ దాన్ని పెరట్లోకి విసరబోతే, నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. చీటీ చదివాడు. గోళీని బొటనవేలితో చాలాసేపు తుడిచాడు.

"మన కొట్టు మెట్టురా ఇది. పెన్నలో గులకరాళ్లు ఏరుకొచ్చి నేనే పోసినా. ఆరకముందే ఈ గోళీ గుచ్చినావు నువ్వు, నాలుగేళ్లోడివి. కొడదామని చెయ్యెత్తినా. నవ్వొచ్చింది."

మర్నాటి నుంచి ఆయన తీరానికి వెళ్లడం మానేశాడు.

నాయన పోయి చాలా ఏళ్లయింది. నేనిప్పుడు గచ్చుకు పరిచే రాళ్లు అమ్ముతాను. ఆ ముద్ద నా బల్ల మీదే ఉంది, పసుపెక్కిన చీటీతో సహా. కొనడానికొచ్చినవాళ్లు చదివి, మూలం తెలియదా అన్నా అని అడుగుతుంటారు.

రాసినవాడికి తెలియదు, అంటాను.