న అంటే నక్రం

అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలకు కాలేజీలు మూతబడి నా చదువు ఒక ఏడాది వెనకబడింది. ఆ కోపం నాలో ఇంకా చల్లారకముందే, మంథనిలో నేను పనిచేస్తున్న చిన్న బడికి ఆంధ్రలో సముద్రం పక్క ఊరి నుంచి ఒక కొత్త టీచరు వచ్చింది. భర్త కాలువ పనుల్లో ఓవర్సీరు. ఆమెకు ఒకటో తరగతి ఇచ్చారు. అంతవరకు ఆ తరగతి నాది.

మొదటి రోజే ఆమె ఒక రేకుపెట్టె తెచ్చింది. అందులో గవ్వలు, ఆల్చిప్పలు, ఒక శంఖం, ఎండిపోయిన నక్షత్ర చేప ఉన్నాయి. నేల మీద సుద్దతో పెద్ద అక్షరం గీసి, ఆ గీత వెంట పిల్లల చేత గవ్వలు పేర్పించేది. గ అంటే గవ్వ, ఆ అంటే ఆల్చిప్ప, తి అంటే తిమింగలం. నా దగ్గర గోడలు అదిరేలా అరిచే పిల్లలు ఆమె ముందు నోరు తెరుచుకుని కూర్చునేవాళ్లు.

నాకు అనుమానం మొదలైంది అక్కడే. గోదావరి తప్ప వేరే నీళ్లెరగని మా పిల్లలకు సముద్రం ఎందుకు? ఆవు, ఇల్లు, ఉడుత చాలవా? పైగా ఆమె దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. పిల్లలు ఏదో ఒక మాట అనగానే పెన్ను తీసి రాసుకునేది. ఒకసారి నేను దగ్గరికి వెళితే మూసేసింది. మా మాట మీద నవ్వుకోవడానికే రాసుకుంటోందని నిశ్చయించుకున్నాను.

ఒక సాయంత్రం పక్కింటి పాపను ఆపి అడిగాను.

"ఇయ్యాల ఏం చెప్పిందే టీచరమ్మ?"

"పీ అంటే పీత."

"పీతంటే ఏంది?"

"ఎండ్రికాయ. గానీ గట్ల రాయొద్దట."

మరునాడు బడికి పోగానే హెడ్మాస్టరు సారు గదిలోకి వెళ్లాను.

"సార్, గామె నక్రాలు చూస్తున్నరా? ఎండ్రికాయ అంటే తప్పట. రేపు అమ్మను అవ్వ, నాయినను బాపు అన్నా తప్పే అంటది."

"జర ఓపిక పట్టమ్మా, నేను కనుక్కుంట" అన్నాడాయన.

వెనక్కి తిరిగితే ఆమె వరండాలో హాజరు పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. నా ముఖం వైపే చూస్తూ నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. నా మీద పై ఆఫీసుకు ఫిర్యాదు రాస్తుందేమోనని ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

మర్నాడు ఒకటో తరగతి గోలగోలగా ఉంటే తొంగిచూశాను. నల్లబల్ల మీద కోరలతో సహా పెద్ద మొసలి బొమ్మ. పక్కన 'న - నక్రం' అని రాసి ఉంది.

నన్ను చూసి ఆమె నవ్వింది. "నిన్న మీరన్నారు కదండీ, నక్రాలని. మీకు నా మీద కోపం వచ్చిందని అర్థమైంది గానీ, మధ్యలో మొసళ్లెందుకొచ్చాయో తెలియలేదు. సరే, మీ మాటే బోర్డు మీద పెడదామనుకున్నాను. పీత సంగతా? పుస్తకంలో అలా ఉంది. ఎండ్రకాయ అని రాస్తే మార్కు పోతుందని భయపడ్డానండీ."

నోటుబుక్కు తానే తెరిచి చూపించింది. "పిల్లల మాటలు సగం అర్థం కావడం లేదు. ఆ సంగతి మీకు తెలిస్తే చిన్నతనమని దాచాను." తాంబేలు అంటే తాబేలు. జర అంటే కొంచెం. బుగులు అన్న మాట పక్కన ప్రశ్నార్థకం. అన్నిటికన్నా కింద, నక్రాలు అంటే మొసళ్లు.

అప్పుడు తల ఊపి వచ్చేశాను. కానీ మధ్యాహ్నం అన్నాలకు కూర్చున్నప్పుడు ఉండబట్టలేకపోయాను.

"నక్రాలంటే మొసళ్లు గాదు టీచరమ్మా. సోకులు, టెక్కులు. మిమ్మల్నే అన్న."

ఆమె టిఫిను డబ్బా మూత పెట్టేసింది. "నన్నా?"

"మిమ్మల్నే. తప్పయింది."

ఆమె లేచింది. తరగతిలోకి వెళ్లి, పిల్లలు వద్దు వద్దంటున్నా మొసలిని తుడిచేసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తానే వచ్చి, బుగులంటే ఏమిటని అడిగింది. భయమని చెప్పాను. రాసుకుంది. రాసుకున్నాక ముందు వరుసలో కూర్చున్న పిల్ల వైపు తిరిగి, "నిజమేనా?" అంది.

అప్పటి నుంచి అదే వరస. బోర్డు మీద పీత కింద ఎండ్రికాయ అని నేనే రాసేదాన్ని. ఆమె పిల్లల్ని అడిగి రూఢి చేసుకున్నాకే ముందుకు సాగేది. ఇన్నాళ్లూ ఆమె ప్రతి మాటనూ నేను అనుమానించాను. ఇప్పుడు నా ప్రతి మాటా ఆమెకు అనుమానమే. 

ఏడాది చివర ఆ తరగతి పిల్లలంతా వరుసగా నిలబడి తడబడకుండా చదివారు. నేను చెప్పినప్పుడు ఏ ఏడూ అంతమంది చదవలేదు. నిజంగా సంతోషం వేసి, "మస్తు చెప్పిండ్రు టీచరమ్మా!" అన్నాను.

ఆమె ముఖం ముడుచుకుంది. పిల్లల వైపు వంగి గొంతు తగ్గించి, "మస్తంటే తిట్టా?" అని అడిగింది.

"కాదు టీచర్! మంచిదే!" అని పిల్లలు పకపకా నవ్వారు. అప్పుడు గానీ ఆమె నవ్వలేదు.