కుక్కపిల్ల పరుపు

వంపు సూదితో పరుపు గట్టు కుట్టడం అయింది. ముడి వెయ్యడానికి రెండు చేతులూ కావాలి. సోఫాలక్క ముడి బిగించి, తిన్నని సూది అందుకుని అడుగు అంచు మూసేసింది. దారం కొసను పళ్లతో కొరికి పరుపును దులిపింది. పైన మందపాటి కాన్వాసు, లోపల ఫోమ్ ముక్కలు, చుట్టూ తల ఆనించుకోవడానికి దిండులాంటి గట్టు. జిప్పు పెట్టలేదు. కుక్కపిల్ల పళ్లు ముందు జిప్పు మీదే పడతాయి.

“పట్టుకోండి అత్తయ్యా. కుట్టు ఎక్కడైనా వదులుగా ఉందేమో చూడండి.”

అత్తకు చూపు బాగా మసక. ఏ వస్తువునైనా తడిమే పోల్చుకుంటుంది. పరుపును ఒళ్లో పెట్టుకుని అంచు పొడవునా వేళ్లు పోనిచ్చింది.

“బానే ఉంది. నా తలగడకి ఇంత శ్రద్ధ పెట్టలేదే నువ్వు!”

“మీరు తలగడ కొరకరు కదా.”

“పళ్లుంటే కొరికేదాన్నే.”

పాత కుక్క ఉన్నప్పుడు ఆవిడ దాని వీపు మీద చెయ్యి వేసి ఇల్లంతా తిరిగేది. అది ముసలిదై పోయాక కుర్చీలోంచి లేవడమే తగ్గించేసింది. అందుకే మరిది పశువుల డాక్టరుకు చెప్పి ఒక కుక్కపిల్లను కుదిర్చాడు. సాయంత్రం తెస్తాడు.

సంతోషించాల్సిన సోఫాలక్కకు భయం పట్టుకుంది. వాళ్ల ముందు గదే షాపు. సోఫాలు విప్పడం, బిగించడం అంతా అక్కడే. ఆమెకు ఆ పేరు వచ్చిందీ అందుకే. ముసలి కుక్క ఆ గడప తొక్కేది కాదు. పిల్లకు ఆ తెలివి ఎక్కడిది? కనపడిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. “మేకు మింగితే కోసి తియ్యొచ్చేమో. సూదైతే మాత్రం నేను మాట ఇవ్వలేను” అన్నాడట డాక్టరు.

ఆ మాట చెవిలో పెట్టుకునే రోజంతా పనిచేసింది. రెండు గదుల మధ్య నడుమెత్తు ప్లైవుడ్ తలుపు బిగించింది. మిషను వైర్లను పైపులో దూర్చి గోడకు ఎత్తుగా కట్టింది. జిగురు డబ్బా, ఫినాయిలు అటకెక్కాయి. టీకాలు పూర్తయ్యేదాకా పిల్ల వీధిలోకి పోకూడదు కాబట్టి గేటు చువ్వలకు వల కట్టింది. తోసినా ఒలకని బరువైన నీళ్ల గిన్నె, ఒక మూల పాత పేపర్లు పెట్టింది. పాత స్పీకరు అయస్కాంతాన్ని కర్రకు కట్టి నేలంతా తిప్పితే, సోఫాల కింద నుంచి అది మీసాలు మొలిచినట్టు మేకులు పట్టుకొచ్చింది.

చివరికి పనిముట్లు సర్దడానికి వచ్చింది. సూదులు గోడ మీది బెండు పలకకు గుచ్చి ఉంటాయి. దేని చోటు దానిదే.

వంపు సూది చోటు ఖాళీగా ఉంది.

మళ్లీ అయస్కాంతం తిప్పింది. చెత్త సంచి బోర్లించింది. దుప్పట్లు, తన బట్టలు దులిపింది. మంచం ఎత్తింది.

“కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు?” అంది అత్త.

“ఏం లేదండి.”

“ఏం లేనిదానికి మంచం ఎత్తుతారా?”

ఇంతలో ఫోన్ మోగింది. మరిది. “వదినా, బయల్దేరాం. నా చొక్కా అప్పుడే తడిపేసింది.”

“కాస్త మెల్లగా రా.”

“పొద్దున్నేమో తొందరగా రమ్మన్నావు!”

అసలు ఇవాళ తేవొద్దని చెబుదామనుకుంది. అత్త వైపు చూసింది. ఆవిడ ఇంకా రాని పిల్లను జోకొడుతున్నట్టు పరుపు గట్టు మీద అరచేత్తో తడుతోంది. “సరే, జాగ్రత్త” అని ఫోన్ పెట్టేసింది.

అత్త కుర్చీ చేతికి ఒక దారం వేలాడుతోంది. పిల్ల లాగిందంటే ఊడి వస్తుంది. సోఫాలక్క తిన్నని సూది తీసుకుని రెండు కుట్లు వేసింది. ముడి వెయ్యాలి. ముడికి రెండు చేతులూ కావాలి. కుడి చెయ్యి దానంతటదే సూదిని పక్కనున్న ఫోమ్‌లో గుచ్చేసింది.

ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది. ఏళ్ల తరబడి అలవాటు. ముడి వేసేటప్పుడల్లా సూది ఫోమ్‌లోకే పోతుంది. పొద్దున గట్టు కుట్టి ముడి వేసినప్పుడూ అంతే. తర్వాత తిన్నని సూదితో మూసేసింది.

గిరుక్కున అత్త ఒళ్లోని పరుపు వైపు తిరిగింది.

“అత్తయ్యా, చెయ్యి తియ్యండి!”

“ఎందుకే?”

“తియ్యండి ముందు! నొక్కకండి!”

ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ అంత గట్టిగా అరవలేదు. అత్త చేతులు రెండూ గాల్లోకి లేచాయి. సోఫాలక్క అయస్కాంతాన్ని గట్టు చుట్టూ మెల్లగా తిప్పింది. ఒకచోట కాన్వాసు మొటిమలా పైకి లేచింది. అత్త అరచెయ్యి ఇందాక ఆడిన చోటుకు బెత్తెడు దూరం.

“వంపు సూది. లోపల పెట్టి కుట్టేశాను.”

అత్త తన అరచెయ్యి తడుముకుంది. “పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతికావన్నమాట.” నవ్వబోయి ఆగింది. “ముందే చెప్పొచ్చు కదే? కళ్లు కనపడవు గానీ బుర్ర పనిచెయ్యదా?”

“భయపడతారని.”

“ఇప్పుడేదో ధైర్యంగా ఉన్నట్టు!”

బయట ఆటో ఆగింది. “వదినా, గేటు తియ్యి!”

“అక్కడే ఉండు. పిల్లని కింద పెట్టకు.”

“అదే దూకేలా ఉంది!”

“దించావంటే నిన్ను కూడా లోపలికి రానివ్వను!”

బ్లేడుతో కుట్టు విప్పింది. ఫోమ్ ముక్కలు ఒక్కొక్కటే నలిపి చూస్తూ బయట పెట్టింది. చివరికి దారపు తోకతో సహా వంపు సూది వచ్చింది. ముందు దాన్ని బెండు పలకకు గుచ్చి వచ్చింది. తర్వాత ముక్కలన్నీ తిరిగి కూరి, ఇందాక కుర్చీ పక్కన గుచ్చిన తిన్నని సూది తీసుకుని అంచు మూసింది. ముడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి మళ్లీ ఫోమ్ వైపే పోబోయింది. ఆపింది.

“అత్తయ్యా, ఈ సూది పట్టుకోండి.”

అత్త రెండు వేళ్లతో సూదిని దీపం వత్తిలా నిటారుగా పట్టుకుంది. ముడి పడేదాకా ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు. సూది పలక ఎక్కాక అయస్కాంతం కర్ర ఆవిడ చేతికే ఇచ్చింది సోఫాలక్క. ఆవిడ పరుపంతా తిప్పింది.

“ఏదీ లాగట్లేదు.”

“ఇంకోసారి తిప్పండి.”

“చాదస్తం!” అంటూనే ఇంకోసారి తిప్పింది. తర్వాత అడగకుండానే మరోసారి.

అప్పుడు గేటు తెరుచుకుంది. మరిది తడి చొక్కాతో, చంకలో గిలగిలలాడే పిల్లతో లోపలికి వచ్చాడు. సోఫాలక్క పలక వైపు ఒక్కసారి చూసుకుంది. ఖాళీ చోటు లేదు. పిల్లను అందుకుని, పరుపులో పడుకోబెట్టి, పరుపుతో సహా అత్త ఒళ్లో పెట్టింది.

“తీసుకోండి.”

పిల్ల ముందుగా చేసిన పని గట్టు అంచు పళ్లతో పట్టి లాగడం. కుట్టు ఊడలేదు.