ఒరిగిన ఓడ

మా నాన్నకు ప్రొద్దుటూరులో వెండి సామాన్ల అంగడి ఉండేది. లెక్కలు బడిలో నేర్చుకున్నానేమో గానీ, బేరం మాత్రం ఆ అంగట్లోనే నేర్చుకున్నాను. కొనాలనుకున్న వస్తువును మెచ్చుకోకూడదు. అసలు దానివైపు చూడనే కూడదు. పక్కనున్నవన్నీ తిరగేసి, ఆఖర్న ఏదో మొహమాటానికన్నట్టు దాన్ని చేతిలోకి తీసుకుని ఒక వంక పెట్టాలి. ఇప్పుడు నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే, ఇతరులు చేసినదాంట్లో తప్పులు వెతికి జీతం తీసుకుంటాను. ఇంటి వృత్తి వదిలేశానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

మణికొండలోని మా అపార్ట్‌మెంట్లో నా విద్యకు కాస్త పేరుంది. కర్టెన్లు కొనాలన్నా, ఫ్రిజ్ మార్చాలన్నా నన్ను వెంటబెట్టుకుని పోతారు. నేనూ సంబరంగా పోతాను. బేరం నాది, డబ్బు వాళ్లది. ఇంతకన్నా సుఖం ఏముంది?

ఒక ఆదివారం పొద్దున నాలుగో అంతస్తు పెద్దాయన తలుపు కొట్టాడు. నల్గొండ వైపు మనిషి. కుర్రతనంలోనే నేవీలో చేరి, డెబ్బై ఒకటి యుద్ధంలో ఓడ మీద ఉన్నాడని అందరికీ తెలుసు. అంతకుమించి ఎవరూ అడగలేదు, నాతో సహా.

“బిడ్డా, జర నాతోని మాదాపూర్ దాక వస్తవా? బేరం మంచిగ చేస్తవట.”

మాదాపూర్‌లో పాత నాణేల ప్రదర్శన జరుగుతోంది. దేశపు నౌకాదళానికి, అది చేసిన యుద్ధాలకు గుర్తుగా విడుదలైన వెండి నాణెం ఒకటి అక్కడ ఒకాయన దగ్గరుంది. పెద్దాయన ముందు రెండు రోజులూ పోయి, ధర విని వెనక్కి వచ్చాడు.

“ఒక్కటే ఉన్నది. ఇయ్యాల ఆఖరు రోజు. పొద్దుగూకితే ఆయన సర్దుకొని పోతడు” అన్నాడు. గొంతులో ఉన్న ఆత్రం చూసి, ముందు దానికే మందు వేయాలనుకున్నాను.

ఆటోలో పాఠం మొదలుపెట్టాను. ఆయన్ను మా వైపు పిలుపుతో చిన్నాయనా అంటాను. “చిన్నాయనా, అక్కడ మీరు నోరు తెరవద్దు. మొగం కూడా కొంచెం అట్లా పక్కకు పెట్టుకోండి.”

“మొకమేం జేసింది?”

“దాంట్లో అంతా కనపడతా ఉంది.”

అమ్మే ఆయన గోదావరి జిల్లా మనిషి. చొక్కా జేబులో భూతద్దం, ముందు క్యాలిక్యులేటర్. నేను పద్ధతి ప్రకారం అణాలూ కానులూ తిరగేశాను, పెదవి విరిచాను, ఇంకేదో అడగబోయి మానేశాను. తర్వాత ప్లాస్టిక్ డబ్బీలో ఉన్న ఆ వెండి నాణెం అందుకున్నాను.

నిజం చెప్పాలంటే, వెంటనే వంక దొరకలేదు. నాకు వెండి అంటే చెంచాలు, కుంకుమ భరిణెలు, దీపపు కుందులు. వెండితో ఆకాశం చేయొచ్చని తెలియదు. బొమ్మలో వెనకనున్న ఆకాశమంతా అద్దంలా నున్నగా ఉంది. దాని మీద ఓడ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా, గరుకుగా ఉంది. తుపాకీ గొట్టాలు, తాళ్లు, పొగగొట్టం, వెనక చీలిపోతున్న నీరు. గోరంత చోటులో ఇన్ని చెక్కిన చేయి ఎవరిదో గానీ, దానికి దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. బేరంలో ఉన్నాను.

“ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది కదండీ! అచ్చు సరిగ్గా పడలేదు. వంకర నాణెం ఎవరు కొంటారు?” అన్నాను.

అమ్మే ఆయన క్యాలిక్యులేటర్ వైపు చేయి చాపాడు. ఆ చేయి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ధర దిగేముందు అట్లాగే కదులుతుంది.

“వంకర గాదు బిడ్డా” అన్నాడు వెనకనుంచి పెద్దాయన. “ఓడ మలుపు తిరుగుతున్నది.”

కాలితో ఆయన కాలు తొక్కాను. ఆయనకు తెలియనే లేదు.

“ఫుల్ స్పీడ్ల తిప్పితే ఓడ బయటిదిక్కు గిట్లనే ఒరుగుతది. నేను కింద బాయిలర్ కాడ ఉండేటోన్ని. గంట గొట్టంగనే ఆవిరి పెంచాలె. పైన ఏమైతున్నదో మాకు తెల్వది. కాళ్ల కింద నేల ఒరిగిందంటే తిరిగినమని తెలిసేది, అంతే. ఆ ఒరుగుడు నా కాళ్లకు ఎరుకే. బయట్నుంచి ఎట్లుంటదో ఎన్నడు సూడలె.” డబ్బీ వైపు వేలు చూపించాడు. “ఇది మా ఓడే అని చెప్పలేను. మా ఓడ అసుంటిదే. గీ బొమ్మ జేసినోనికి ఓడ తెలుసు.”

అమ్మే ఆయన క్యాలిక్యులేటర్‌ను మెల్లగా పక్కకు జరిపాడు. “ఇంక బేరమెందుకండీ మేడమ్? సరుకు గురించి నాకన్నా ఆయనే బాగా చెబుతున్నారు.”

మా నాన్న ఉండి ఉంటే నన్ను ఆ క్షణాన అంగట్లోంచి లేచి వచ్చెయ్యమనేవాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ నా కళ్లు ఆ ఒరిగిన ఓడ మీదే ఉన్నాయి, నేను వంక పెట్టిన చోటే. ఇప్పుడు అది కదులుతోంది. మొదటి ధరకు ఒక్క రూపాయి తగ్గకుండా పెద్దాయన కొనేశాడు, అదీ నవ్వుతూ.

ఇంత ఘోరం జరిగాక వట్టి చేతుల్తో వచ్చే రకం కాదు నేను. కొసరు అడిగాను. అమ్మే ఆయన జేబులోని భూతద్దం చూపించాను.

“అది నేను వాడుకునేదండి!”

“అందుకే అడుగుతున్నాను. కొత్తదైతే మంచిదో కాదో నాకెట్లా తెలుస్తుంది?”

ఆయన నన్ను చూశాడు, పెద్దాయన్ను చూశాడు, జేబులోంచి తీసి ఇచ్చాడు.

తిరుగు ఆటోలో పెద్దాయన భూతద్దం కన్ను దగ్గర్నుంచి తీయలేదు. గచ్చిబౌలి దాటాక, ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన్ను ఒక మాట అడిగాను. “ఇందులో మీరు ఎక్కడ ఉండేవాళ్లు చిన్నాయనా?”

ఆయన గోరు పొగగొట్టం దగ్గర మొదలై నిట్టనిలువుగా కిందికి దిగింది. ఓడ అంచు దాటి, నీళ్లలో ఆగింది.

“గీడ. నీళ్ల కింద.”

అక్కడ సన్నటి అలల గీతలు తప్ప ఏమీ లేవు. ఆయన భూతద్దం నా చేతికిచ్చాడు.

“నువ్వు గూడ సూడు” అన్నాడు.

చూశాను.