తనంతట తానే వచ్చే బావ ఫోటో

మా పెద్దపల్లి ఇంటికి కంప్యూటర్ వచ్చిన రోజు నా కాళ్లు నేల మీద ఆగలేదు. అక్క మొగుడు, అంటే మా బావ, కరీంనగర్‌లోని తన ఎరువుల దుకాణానికి కొత్తది కొనుక్కుని, పాతదాన్ని జీపులో తెచ్చి మా ముందు గదిలో పెట్టాడు. డిగ్రీ అయిపోయి, టైపు నేర్చుకుని ఇంట్లో ఖాళీగా కూర్చున్నదాన్ని. 'తెలుగు టైపు చేయబడును' అని బోర్డు నేనే రాసి గోడకు వేలాడదీశాను.

తీరా చూస్తే ఆ పెట్టె పనికి లేవదే! స్విచ్ వేయగానే మొదట కొండగట్టు అంజన్న బొమ్మ. సరే, దండం పెట్టుకున్నాను. ఆ వెనక బావ, అక్కల పెళ్లి ఫోటో, తెర నిండా. తర్వాత గడియారం, క్యాలెండర్, ఈదే చేపలు, ఓ క్రికెట్ ఆట. చివరికి స్పీకర్లోంచి బావ గొంతు: "నమస్తే, మంచిగున్నరా?" పిలవకుండానే అన్నీ వచ్చి కూర్చునేవి. పాత మిషను రొప్పుకుంటూ నా చేతికి వచ్చేసరికి మా ఊరి కరెంటు ఠక్కున పోయేది. కరెంటు రాగానే మళ్లీ అంజన్న, మళ్లీ బావ, మళ్లీ "మంచిగున్నరా?" మంచిగున్నానా, నా మొహం! పెళ్లిపత్రిక టైపుకిచ్చిన వాళ్లు తిట్టుకుంటూ వెనక్కి తీసుకుపోయారు.

"ఆదివారం అల్లుడు వస్తుండు. గా జీపులనే దీన్ని తిరిగి పంపిస్త. నువ్వు కుట్టుమిషన్ నేర్చుకో," అన్నాడు బాపు. కుట్టుమిషనా, నాకా!

ఆ ఉక్రోషంలో కంప్యూటర్‌ను అటూ ఇటూ గెలుకుతుంటే స్టార్టప్ అనే ఫోల్డరు దొరికింది. తెరిస్తే బావ సంసారమంతా అందులోనే ఉంది! అక్కడ పెట్టినవన్నీ కంప్యూటర్ లేవగానే వాటంతటవే లేస్తాయట. బయటికి లాగేస్తే మనం పిలిచినప్పుడే వస్తాయట. ఎగిరి గంతేశాను.

అవ్వ, అంటే మా అమ్మ, గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకుంది. "అల్లుని ఫోటో తీసేస్తవానే? ఒకపారి కూరల కార్జం ముక్క పడలేదని దసరకు రాలే ఆ మనిషి! అలిగితె మీ అక్క గతేంగావాలె?"

"మరి నా గతో?" అంటూనే చేపల్ని తీసేశాను. క్రికెట్, క్యాలెండర్, గడియారం తీసేశాను. బావనూ తీసేశాను! అంజన్న జోలికి మాత్రం పోలేదు, నాకంత ధైర్యమెక్కడిది?

ఆదివారం వచ్చింది. కార్జం ముక్కలన్నీ బావ పళ్లెంలోనే పడ్డాయి. తిని, చేయి కడుక్కుని, నేరుగా వచ్చి స్విచ్ వేశాడు. వెనక మంచం మీద బాపు. అంజన్న కనబడ్డాడు. అంతే, తెర ఖాళీ.

"నా ఫోటో ఏది?"

"తీసేసిన బావా. నువ్వు వచ్చేటాళ్లకు కరెంటు పోతున్నది. నా పని సాగుతలేదు." అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

బావ కుర్చీ నా పక్కకు జరుపుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఎట్ల తీసినవ్, మరదలా? నాకు పెట్టుడే వచ్చు, తీసుడు రాదు. కొత్తదాంట్ల గూడ గివన్నీ పెట్టిన. రైతులు యూరియా బిల్లుకు నిలబడితె నా పెళ్లి ఫోటో అడ్డం పడి కదల్తలేదు. పరేషాన్ అయితున్న. జర వచ్చి తీసిపెట్టరాదు?"

నాకు నవ్వు ఆగితేనా! కడుపు పట్టుకుని కింద కూలబడ్డాను. బావ గొంతు తగ్గించినా బాపు చెవులు తగ్గలేదు మరి.

"రేపు పొద్దుగాల బస్సుకు తోలిస్త, అల్లుడా. తీసిపెట్టి మాపటికి రావాలె," అన్నాడు బాపు. "కంప్యూటర్ మాత్రం ఈన్నే ఉంటది. బిడ్డకు పనున్నది."