లేఖెం గారు రావడం మానేశారు

తెల్లవారుజామున ఐదింటికి నల్లగొండలో బస్సెక్కాను. పాలమూరులో దిగి, బస్టాండులో ఇడ్లీ సగం తిని సగం వదిలేసి, నారాయణపేట బస్సు పట్టుకునేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చాక సీటు దొరకడమే గగనం. ఒక అవ్వ జరిగి జాగా ఇచ్చింది.

నాజీల కాలంలో యూదు ఖైదీలు ఇళ్లకు రాసుకున్న ఉత్తరాలు కొన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. మధ్యాహ్నం నారాయణపేట బడిలో పిల్లలు వాటిని చదవబోతున్నారు. ఒక్క ఉత్తరం నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ముళ్లకంచె వెనక ఒక తల్లి కూతురికి రాసింది: "మేం క్షేమం. లేఖెం గారు మాత్రం రావడం మానేశారు." లేఖెం మనిషి కాదు, వాళ్ల హీబ్రూలో రొట్టె. తనిఖీ చేసే జర్మను అధికారి ఎవరో చుట్టం అనుకుని వదిలేశాడు. ఆ అర్థం కింద రాయాలా, వద్దా? రాస్తే ఆ తల్లి దాచింది నేను బయటపెట్టినట్టవుతుంది. దేవరకద్ర దాటేదాకా రాయడం, కొట్టేయడం, ఇదే పని.

"గంత పరేషాన్ అయితున్నవేంది బిడ్డా?" అంది అవ్వ. చెప్పాను. ఫక్కున నవ్వి, అంతలోనే మొహం ముడుచుకుంది.

"మా ఆయన ఆనకట్ట పనికి పోయి గిట్లనే రాసిండు. మేస్త్రి సదివినంకనే జాబు పంపుతుండె. 'గట్కయ్య మామ మా దిక్కు వస్తలేడు' అన్నడు. జొన్నగట్క లేదు, పస్తులున్నం అని. నాకు సమజ్ కాలే. ఎవరో మామ అలిగిండనుకున్న. 'రాకుంటే రాకపాయె, నువ్వేం బతిమాలకు' అని జవాబు రాయించిన."

"తర్వాత?"

"ఎండుకపోయి వచ్చిండు. సచ్చేదాక, కంచం ముందల కూసున్నప్పుడల్లా 'మామ వచ్చిండా?' అని ఎక్కిరిచ్చెటోడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గా బిడ్డకు సమజైందా మరి?"

"తెలియదవ్వా. జవాబు దొరకలేదు."

మరికల్‌లో ఆమె దిగిపోయింది.

బడిలో ఆ ఉత్తరం చదివిన పిల్ల మధ్యలో ఆగి, "లేఖెం సారు అలిగిండా టీచర్?" అని అడిగింది. కొందరు నవ్వారు. అర్థం చెప్పాను. ఆ తర్వాత మిగతా ఉత్తరాలు చాలా మెల్లగా చదివారు.

నాలుగింటి బస్సుకు తిరుగు ప్రయాణం. కిటికీ పక్క సీటు దొరికింది, అయినా నిమ్మళం లేదు. అర్థం కింద రాసేశాను. అధికారి కళ్లు కప్పడం గురించే ఆలోచించిన నాకు ఇప్పుడు కూతురికి అది అర్థమైందో లేదోనని భయం పట్టుకుంది. అవ్వను ఎక్కిరించడానికి ఆయన తిరిగి వచ్చాడు. "ఆ మాత్రం తెలియలేదా పిచ్చిదానా" అని కూతుర్ని కోప్పడటానికి ఆ తల్లి రాలేదు.